పేర్లు పిలవొద్దని అడిగిన రోజు

మా నాన్న వచ్చి నన్ను చూడటానికి కోర్టు చూపించిన చోటు కోర్టు వరండానే. నెలలో రెండు శనివారాలు, పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా. అక్కడ గోడ వెంబడి ఒక పొడవాటి చెక్క బల్ల ఉండేది. ఒక కొసన అమ్మ కూర్చునేది, ఇంకో కొసన నాన్న. నేను మధ్యలో. భూమి తగాదాల వాళ్లెవరైనా వచ్చి ఆ బల్ల మీదే కూర్చుంటే నేను జరగాల్సి వచ్చేది. ఎటు జరిగినా ఇద్దరిలో ఒకరి మొహం చిన్నబోయేది. అందుకని చాలాసార్లు లేచి నిలబడేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్లయిన రోజులవి. నాకు తొమ్మిదేళ్లు. అమ్మా నేనూ ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న దుమ్ముగూడెం అవతల, అడవి అంచు ఊళ్లో, సర్కారు బడి పంతులు. నన్ను చూడాల్సిన రోజున ఆయన చీకటితోనే బయలుదేరి, భద్రాచలంలో బస్సు మారి, కొత్తగూడెం మీదుగా వచ్చేవాడు. వచ్చేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయి ఉండేది. మమ్మల్ని మా మామ తన ఆటోలో తీసుకొచ్చేవాడు. మామ అంటే అమ్మకు తమ్ముడు. మా వీధి నుంచి బస్టాండుకు షేర్ ఆటో నడిపేవాడు. ఆ శనివారాలు బండి కోర్టు గేటు బయట ఆపేసి, వరండాలో స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, నాన్న నాతో మాట్లాడే ప్రతి మాటా వినేవాడు.

ఒక ఎండాకాలం నాన్న నాకోసం అడవిలో ఏరిన తునికిపండ్లు తెచ్చాడు. మోదుగాకుల్లో చుట్టి, పైన తడిగుడ్డ కప్పి తెచ్చాడు. నాకు అవంటే ప్రాణం. ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"తినకు," అన్నాడు మామ. "అండ్ల ఏం కలిపిండో ఏమో."

మామ గొంతు పెద్దది. వరండా అంతా విన్నది. టైపు కొట్టే ఆయన చేతులు ఆగిపోయాయి. అమ్మ తల దించుకుంది. నేను పండు పట్టుకుని అట్లాగే ఉన్నాను. అప్పుడు నాన్న నా చేతిలోంచి ఆ పండు తీసుకుని, సగం కొరికి, నమిలి, మింగి, మిగతా సగం నాకిచ్చాడు. ఇంకోటి తీసి అదీ కొరికిచ్చాడు. మోదుగాకులో ఉన్న పండ్లన్నీ అట్లాగే ఒక్కొక్కటీ కొరికి నాకు అందించాడు. ఆయన మొహంలో కోపం లేదు. బడిలో పిల్లలకు చాక్‌పీసులు పంచినట్టు పంచాడు. అందరూ చూస్తున్నారు. నేను అన్నీ తిన్నాను, ఎందుకంటే తినకపోతే మామ మాట నిజమని చూసేవాళ్లు అనుకుంటారు.

ఆ రోజు నుంచి నాకు సిగ్గు అలవాటైంది. ఎవరు తప్పు చేశారని సిగ్గో చెప్పలేను. మేం ముగ్గురం ఆ బల్ల మీద కూర్చుని ఉండటమే సిగ్గు.

వాళ్లు ఎందుకు విడిపోయారో నాకు తెలుసు. నాన్న తాగేవాడు కాదు, చెయ్యి ఎత్తేవాడు కాదు. అమ్మ మాటపడని మనిషీ కాదు. నాకొక తమ్ముడు ఉండేవాడు, ఏడాదిన్నర పిల్లాడు. ఒక వానాకాలం అమ్మమ్మకు కంటి ఆపరేషన్ అయితే అమ్మ మమ్మల్నిద్దర్నీ నాన్న దగ్గర వదిలి ఖమ్మం వచ్చింది. ఆ వారంలో వానలు పట్టుకున్నాయి, తమ్ముడికి జ్వరం వచ్చింది. మా ఊళ్లో ఆ కాలంలో ప్రతి ఇంట్లో జ్వరమే. నాన్న బడిలో ఉండే మాత్రలు చిదిపి తేనెలో రంగరించి పట్టాడు. తగ్గింది. వాడు లేచి గడప దాకా పాకాడు కూడా. మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి కళ్లు తెరవలేదు.

నాన్న వాణ్ని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని వాగు దగ్గరికి నడిచాడు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని వెంట నడిచాను. వాగు దాటితే గాని బస్సులు తిరిగే రోడ్డు లేదు. వాగు నిండుగా ఉంది, ఎర్రటి నీళ్లలో చెట్టుకొమ్మలు కొట్టుకుపోతున్నాయి. అవతలి గట్టున అమ్మ ఉంది. వానలు చూసి మనసు ఆగక పొద్దున బస్సుకే వచ్చేసిందట. చేతిలో సంచీ, గొడుగు. మమ్మల్ని చూసి రెండు చేతులూ ఎత్తి ఏదో అరిచింది. నీళ్ల హోరులో ఒక్క ముక్క వినబడలేదు. నాన్న దుప్పటి కొంచెం తొలగించి తమ్ముడి మొహం అటువైపు తిప్పి చూపించాడు. అమ్మ గొడుగు పారేసి గట్టు దిగబోయింది. అక్కడున్న మనుషులు ఆమెను పట్టుకున్నారు. ఇక్కడ నాన్న నడుముల్లోతు నీళ్లలోకి దిగాడు. మా ఊరి కోయ పెద్దలు ఇద్దరు ఆయన్ని వెనక్కి లాగారు.

"ఆగు సారూ. నువ్వు పోతవ్, పోరగాడు గూడ పోతడు. నీళ్లు తియ్యని."

పొద్దు వాలాక నీళ్లు తగ్గాయి. తాడు కట్టి మమ్మల్ని దాటించారు. భద్రాచలం దవాఖానకు జీపు దొరికింది. దారిలోనే, అమ్మ ఒళ్లో, తమ్ముడు పోయాడు.

తర్వాత ఇంట్లో గొడవలు కూడా లేవు. మాటలే లేవు. అమ్మ వంట చేసి పెట్టి గోడవైపు తిరిగి పడుకునేది. కొన్ని నెలలకు ఒక పొద్దున నా బట్టలు సర్దింది. నాన్న గుమ్మంలో నిలబడి, "బదిలీకి పెట్టుకున్న. వస్తది. జర ఓపిక పట్టు," అన్నాడు. అమ్మ ఆయన మొహంలోకి చూడకుండానే అంది, "బదిలీ అయితే ఏమైతది? నిన్ను చూస్తే నాకు గా వాగే కనపడ్తది."

అది ఒక్కటే కారణం. కాని మొహం చూస్తే వాగు కనబడటం విడాకులకు కారణం కాదని వకీలు చెప్పాడట. హింస ఉండాలి, క్రూరత్వం ఉండాలి, వదిలేసి పోవడం ఉండాలి. లేకపోతే కేసు నిలబడదు. అందుకని అమ్మ వైపు వకీలు రాశాడు: బిడ్డ ప్రాణం పోతుంటే తండ్రి గట్టున నిలబడి చూశాడు. దానికి జవాబుగా నాన్న వైపు వకీలు రాశాడు: బిడ్డ జ్వరంతో ఉంటే తల్లి పుట్టింట్లో ఉంది, ఆ పైన అవతలి గట్టున నిలబడి చూసింది. రెండు కాగితాల్లోనూ వాగు ఉంది, గట్టు ఉంది, నిలబడటం ఉంది. నీళ్లలోకి దిగడం మాత్రం ఎవరూ రాయలేదు. వకీళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను. నాన్న వకీలు నన్ను చూసినప్పుడల్లా జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి ఇచ్చేవాడు. గెలవడానికి ఏం కావాలో వాళ్లు అదే రాశారు. అక్కడ ఇంకోరకంగా రాయడానికి చోటు ఉందని మాకెవరూ చెప్పలేదు.

ప్రతి వాయిదాకూ ముందుగా పేర్లు పిలిచేవాళ్లు. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి, అమ్మ పేరూ నాన్న పేరూ ఇంటిపేర్లతో సహా, రోడ్డు మీదికి వినబడేలా, మళ్లీ మళ్లీ అరిచేవాడు. కాలేజీ పిల్లలు నడిచిపోయే రోడ్డు అది. ఆ అరుపు వినగానే నేను వంగి చెప్పు సరిచేసుకునేదాన్ని. నా మొహం ఎవరికీ కనబడకూడదని.

ఒక వాయిదా రోజు నన్ను లోపలికి పిలిచారు. అప్పటి జడ్జి గారు పెద్దాయన, రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి. ఎత్తు మీద కూర్చుని ఉన్నాడు. హాలు నిండా జనం. నన్ను బోను పక్కన నిలబెట్టారు.

"భయపడకు పాపా. నువ్వు అమ్మ దగ్గరుంటవా, నాన్న దగ్గరుంటవా?" అన్నాడాయన. గొంతు మెత్తగానే ఉంది.

నేను అమ్మ వైపు చూశాను. మామ నాకు తల ఊపుతున్నాడు. నాన్న వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

ఇద్దరు వకీళ్లలో ఒకరు లేచారు. ఎవరో నాకిప్పుడు గుర్తు లేదు. "పాపను ఒక్క మాట అడగనియ్యండి సార్. తమ్మునికి జ్వరమొచ్చినప్పుడు మీ నాన్న ఏం జేసిండమ్మా? మీ అమ్మ యాడుంది?"

నాకు నీళ్ల హోరు వినబడింది. కాళ్ల మీద వెచ్చగా అనిపించింది. కిందికి చూస్తే గౌను తడిసి, నేల మీద మడుగు కట్టి, అది మెల్లగా వకీళ్ల బల్ల వైపు పారుతోంది. ముందు వరసలో ఎవరో కాళ్లు పైకి తీసుకున్నారు. వెనక ఎవరో నవ్వారు.

అమ్మా నాన్నా ఇద్దరూ ఒకేసారి పరుగెత్తుకొచ్చారు. నాన్న భుజం మీది తువ్వాలు తీసి నా నడుముకు చుట్టబోయాడు, అమ్మ కొంగుతో నా కాళ్లు తుడవబోయింది. వంగేసరికి ఇద్దరి తలలూ తగిలాయి. చాలా కాలానికి వాళ్లిద్దరూ అంత దగ్గరగా రావడం అదే. ఒక క్షణం అట్లాగే ఆగిపోయారు. అంతలో మామ వచ్చి అమ్మ భుజం పట్టి లేపాడు. బంట్రోతు బకెట్‌తో ఇసుక తెచ్చి నేల మీద పోశాడు.

ఆ హాల్లో మా వీధిలో రెండిళ్ల అవతల ఉండే ఆమె ఉంది, ప్లాటు తగాదా కోసం వచ్చింది. సాయంత్రానికల్లా వీధి అంతటికీ తెలిసింది. సోమవారం బడిలో నా పక్కన కూర్చునే పిల్ల లేచి వేరే బల్లకు పోయింది. దానికంటే పెద్ద సిగ్గు తర్వాతి వాయిదాకు వచ్చింది. అమ్మ వైపు కాగితంలో, తండ్రిని చూసిన భయంతో బిడ్డ మూత్రం పోసుకుందని రాశారు. నాన్న వైపు కాగితంలో, తల్లి తరఫు వాళ్లు నేర్పించిన అబద్ధాలు చెప్పలేక పోసుకుందని రాశారు. రెండూ హాల్లో పైకి చదివారు. నేను వరండాలో బల్ల మీద కూర్చుని కిటికీలోంచి విన్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి, ఇక కోర్టుకు రానని అమ్మమ్మ మంచం కింద దూరి బయటికి రాలేదు. నాన్న రెండు శనివారాలు వచ్చి, ఖాళీ బల్ల మీద కూర్చుని, తిరిగి వెళ్లిపోయాడట.

ఆ ఏడాది చివర పెద్దాయన రిటైరయ్యాడు. ఆయన స్థానంలో ఒక మేడం వచ్చారు. గోదావరి కింది జిల్లాల మనిషి, మాటలో అటువైపు యాస. మెడలో తాడుకు కళ్లద్దాలు వేలాడేవి. ఎప్పుడూ జలుబు చేసినట్టు ముక్కు తుడుచుకుంటూ ఉండేవారు. ఆమె ముందు మా కేసు మొదటిసారి వచ్చిన రోజు నన్ను బతిమాలి తీసుకెళ్లారు. వకీలు లేచి వాగు ముక్క చదవడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు అయ్యాయో లేదో ఆమె చెయ్యి ఎత్తారు.

"ఆపండి. ఈ హాల్లో కూర్చున్న వాళ్లలో ఈ కేసుతో సంబంధం ఉన్నవాళ్లు ఎంతమంది?"

వకీలు చేతిలోని కాగితం దించాడు.

"మరి వీళ్లందరూ ఇది ఎందుకు వినాలి? మిగతా పనంతా అయ్యాక నా గదికి రండి. నల్లకోట్ల వాళ్లు బయటే ఉంటారు."

సాయంకాలం ముందుగా నన్ను ఒక్కదాన్నే పిలిచారు. చిన్న గది, తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆమె ఎత్తు కుర్చీలో కాకుండా నా పక్క కుర్చీలో కూర్చుని, తన స్టీలు సీసాలోంచి మూతలో నీళ్లు పోసి ఇచ్చారు. నేను తాగలేదు. నీళ్లు తాగితే మళ్లీ ఏమవుతుందోనని భయం. ఆమెకు అర్థమైందనుకుంటాను, మూత పక్కన పెట్టేశారు.

"నువ్వు ఎవరి దగ్గర ఉంటావని నేను అడగను," అన్నారు. "అది తేల్చడం పెద్దవాళ్ల పని, నీ పని కాదు. నాకు ఇంకోటి కావాలి. ఇక్కడికి రావడంలో నీకు అన్నిటికంటే కష్టంగా ఉండేది ఏంటి?"

బల్ల అందామా, మామ అందామా, నవ్విన వాళ్లందామా.

"పేర్లు పిలుస్తరు," అన్నాను.

"ఏ పేర్లు?"

"అమ్మది, నాన్నది. రోడ్డు మీదికి ఇనబడ్తది. పిలవొద్దని చెప్పరా?"

"చెప్తాను. ఇంకా?"

"మా తమ్ముని ముచ్చట అందరి ముందట చదువుతరు."

ఆమె ముక్కు తుడుచుకుని, కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "సరే. నువ్వు పక్క గదిలో కూర్చో," అన్నారు.

పక్క గదికీ ఆ గదికీ మధ్య చెక్క అడ్డు మాత్రమే ఉంది. అమ్మనూ నాన్ననూ లోపలికి పిలిచారు. వకీళ్లను బయటే ఉండమన్నారు. మామ వస్తానంటే, "మీకు తర్వాత చెప్తాం, కూర్చోండి," అన్నారు.

ఆమె గొంతు నాకు స్పష్టంగా వినబడింది. "మీ ఇద్దరిలో ఎవరి తప్పో తేల్చమంటే తేలుస్తాను. అందుకే నాకు జీతం ఇస్తున్నారు. కాని దానికి సాక్షి కావాలి. ఆ రోజు మొత్తం చూసింది మీ అమ్మాయి. ఆ పిల్లని మళ్లీ బోను దగ్గర నిలబెట్టమంటారా?"

"వద్దు," అన్నాడు నాన్న వెంటనే.

"విడిపోవాలని ఇద్దరికీ ఉంటే, ఇద్దరూ కలిసి ఒకటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందులో ఎవరి తప్పూ రాయక్కర్లేదు. పోయిన బాబు గురించి మీరిద్దరూ రాయించిన మాటలు ఉపసంహరించుకోండి. పాపను చూసే ఏర్పాటు నేను మారుస్తాను, ఈ వరండాలో కాకుండా."

తర్వాత అమ్మ మాట్లాడింది. ఆ గొంతు అమ్మదని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"తీసేస్తే ఎట్ల మేడం? కాగితంల గూడ లేకుంట పోతే, నా కొడుకు ఊరికెనే పోయినట్టా?"

"దానికి నాకు జవాబు తెలీదమ్మా," అన్నారు మేడం. "కాని అది నా తీర్పులో మాత్రం దొరకదు."

అమ్మ ఆ రోజు ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చాక మామ, "మంచి పని చేసినవ్ అక్కా, ఇడిచిపెట్టకు," అన్నాడు. మామకు మా తమ్ముడంటే పిచ్చి. తన ఆటో ముందు అద్దం మీద వాడి ఫొటో అంటించుకున్నాడు. ఆ కోపం నాన్న మీద కాక ఇంకెక్కడ చూపించాలో అతనికి తెలియలేదని ఇప్పుడు అనుకుంటాను.

కాని పేర్లు పిలవడం ఆగిపోయింది. తర్వాతి వాయిదాకు బంట్రోతు మా దగ్గరికే నడిచి వచ్చి, "మీరు లోపలికి రండమ్మా," అని మెల్లగా చెప్పాడు. మాకే కాదు, మాలాంటి వాళ్లందరికీ అట్లాగే. మొగుడూ పెళ్లాల కేసులన్నీ సాయంకాలానికి మార్చారు. భూముల వాళ్లు వెళ్లిపోయాక వరండా ఖాళీగా ఉండేది. నాన్న నన్ను చూసే చోటు మా బడికి మారింది. శనివారం ఒంటిపూట బడి అయ్యాక పెద్ద టీచరమ్మ ఒక గది తెరిచి ఉంచేది. నాన్న పంతులు కదా, ఊరికే కూర్చోలేక నాకు లెక్కలు చెప్పేవాడు. మామ గేటు దగ్గర ఆటోలో కూర్చునేవాడు. అక్కడికి మా మాటలు వినబడవు.

ఎండాకాలం సెలవుల్లో నన్ను నాన్న దగ్గరికి పంపమని మేడం చెప్పారు. ఒప్పజెప్పడం కొత్తగూడెం బస్టాండులో. అది ఇద్దరికీ సగం దూరం. తల్లీ తండ్రీ తప్ప ఇంకెవరూ రాకూడదన్నారు. మామను వద్దన్నందుకు ఇంట్లో పెద్ద రగడైంది. చివరికి అమ్మా నేనూ ఇద్దరమే బస్సెక్కాం.

నాన్న ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. నా సంచీ అందుకున్నాడు. అమ్మ వెంటనే వెనక్కి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. బస్సుల రొద మధ్య నిలబడి, నాన్న వైపు చూడకుండా, దూరంగా ఉన్న పల్లీల బండి వైపు చూస్తూ అడిగింది.

"దోమతెర ఉందా ఇంట్ల?"

"ఉంది. రెండు తెచ్చిన," అన్నాడు నాన్న.

"జ్వరమొస్తే?"

"వాగు మీద వంతెన వేసిండ్రు పోయినేడు. జీపు ఇంటి దాక వస్తది. జర ఒళ్లు వెచ్చబడ్డా భద్రాచలం తీస్కపోత. నీకు ఫోన్ చేస్త."

అమ్మ తల ఊపింది. కాసేపటికి అంది, "ఆ దినం నువ్వు నీళ్లల్ల దిగినవ్. నేను చూసిన."

నాన్న మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. "నిన్ను పట్టుకున్నరు," అన్నాడు. "గొడుగు ఇసిరేసి దిగబోతుంటే. నేను గూడ చూసిన."

అంతే మాట్లాడుకున్నారు. తర్వాత నాన్న ఏడ్చాడు. బస్టాండు మధ్యలో, నా పూల సంచీ గుండెకు హత్తుకుని, నోరు తెరిచి, పిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భద్రాచలం పోయే యాత్రికులు సామాన్లు దించుకుంటూ మమ్మల్నే చూస్తున్నారు. పల్లీల బండి ఆయన కూడా చూస్తున్నాడు. ఇన్నేళ్లుగా వాళ్లిద్దరూ ఒకరికొకరు చెప్పుకోవాల్సిన మాట అదేనని నాకు లోపల తెలుస్తూనే ఉంది. అయినా నేను రెండడుగులు పక్కకు జరిగి, వాళ్లెవరో నాకు తెలియనట్టు, బస్సు బోర్డులు చదువుతూ నిలబడ్డాను.

ఆ సెలవుల్లో నాన్నా నేనూ పర్ణశాల వెళ్లాం, గోదావరిలో స్నానం చేశాం. గాజులు అమ్మే ఆమె, "అమ్మ రాలేదా పాపా?" అని అడిగితే నేను తల దించేశాను. నాన్న, "రాలేదమ్మా, ఖమ్మంల ఉంటది," అన్నాడు. అంత మామూలుగా, వాన పడలేదన్నట్టుగా. ఆ మాట అట్లా కూడా చెప్పవచ్చని నాకు అప్పుడే తెలిసింది. చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు. కాలేజీ అయ్యేదాకా, మా నాన్న అడవి వైపు ఉద్యోగం, సెలవు దొరకదు అనే చెప్పుకుంటూ వచ్చాను.

వానలు మొదలయ్యే ముందు అమ్మ సంతకం చేసింది. వాగు గురించిన మాటలు రెండు వైపులా తీసేశారు. నా గౌను గురించి రాసినవి కూడా పోయాయి. కొత్త దరఖాస్తు చాలా చిన్నది. ఇద్దరూ కలిసి ఉండలేకపోతున్నారు, విడిగా ఉంటున్నారు, విడిపోవడానికి ఒప్పుకున్నారు. నేను అమ్మ దగ్గర చదువుకోవాలి, సెలవులకు నాన్న దగ్గరికి వెళ్లాలి. చట్టం పెట్టిన గడువు గడిచాక మేడం గదిలోనే అంతా అయిపోయింది. ఆమె ఇద్దర్నీ, "ఇది మీ ఇష్టంతోనేనా?" అని విడివిడిగా అడిగారు. ఇద్దరూ అవునన్నారు. నేను బయట బల్ల మీద కూర్చుని ఉండగానే వాళ్లు వచ్చేశారు. అన్నేళ్ల కేసు ముగియడానికి నేను చెప్పు బెల్టు పెట్టుకునేంత సేపు కూడా పట్టలేదు.

గేటు బయట మామ ఆటోలో ఉన్నాడు. నాన్న అతని వైపు చూసి, చూపు తిప్పుకుని, సంచీ భుజాన వేసుకుని నడవబోయాడు. మామ బండి స్టార్టు చేసి ఆయన పక్కగా తెచ్చి ఆపాడు.

"ఎక్కు బావా," అన్నాడు ముందుకే చూస్తూ. "బస్టాండ్ల దింపుత."

నాన్న ముందు సీటులో మామ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. అమ్మా నేనూ వెనక. బస్టాండు దగ్గర మా వీధి ఆమె, ఆ ప్లాటు తగాదా ఆమె, కూరగాయల సంచీతో కనబడింది. ఆటోలో మమ్మల్ని నలుగుర్నీ చూసి, "కలిసిపోయిండ్రా? మంచిగైంది," అంది మొహమంతా నవ్వుతో. మాలో ఎవరమూ కాదని చెప్పలేకపోయాం. అమ్మ మొహం చెవుల దాకా ఎర్రబడింది. నాన్న దిగి, నా తల మీద చెయ్యి వేసి, భద్రాచలం బస్సు వైపు వెళ్లిపోయాడు.

వాళ్లిద్దరూ మళ్లీ కలవలేదు. పెళ్లి కూడా ఎవరూ చేసుకోలేదు. నాకు ఒంట్లో బాగాలేకపోతే ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. తమ్ముడు పోయిన రోజున ప్రతి ఏటా నాన్న ఫోన్ చేసేవాడు. అమ్మ ఎత్తేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. ఆ కాసేపు నేను ఇంట్లోంచి బయటికి వెళ్లిపోయేదాన్ని.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక రోజు ఆ కోర్టు రోడ్డు మీదుగా కాలేజీ నుంచి వస్తున్నాను. మేడం అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయారని విన్నాను. పట్టపగలు, కోర్టు గుమ్మంలోంచి ఒక అరుపు వినబడింది. ఎవరో ఆడమనిషి పేరు, ఎవరో మగమనిషి పేరు, ఇంటిపేర్లతో సహా. ఆమె చేసిన మార్పు ఏ చట్టంలోనూ రాసింది కాదు. ఆమెతో వచ్చింది, ఆమెతోనే పోయింది. గేటు ఊచల్లోంచి వరండా కనబడుతోంది. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఒక పిల్లాడు బల్ల మీద కాళ్లు ఊపుతూ కూర్చుని ఉన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. "మళ్లీ పేర్లు పిలుస్తున్నరమ్మా."

అమ్మ మిషను మీద జాకెట్టు కుడుతోంది. కాలు ఆపలేదు. "మనది అయిపోయింది గదా," అంది.

అవును, అయిపోయింది. ఆ మాట వినగానే నాకు ఒళ్లంతా తేలికైంది. ఆ పిల్లాడు ఇంకా అక్కడే కూర్చుని ఉంటాడని తెలిసి కూడా తేలికైంది. పుస్తకాలు మంచం మీద పెట్టి, మొహం కడుక్కుని, అమ్మ పెట్టిన అన్నం తిన్నాను. తింటున్నంత సేపూ తల ఎత్తలేకపోయాను.